జ్ఞ కోసం ఆపిన అప్‌డేట్

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే, రెండో మలుపు దగ్గర మెట్ల కింద ఒక డీటీపీ షాపు ఉంటుంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు. దాన్ని నడిపే ఆమెది నల్గొండ వైపు పల్లె. తెలుగు మీడియంలో గ్రూప్స్‌కూ టీచరు పోస్టులకూ చదివేవాళ్లు రాసే మోడల్ పేపర్లు పదహారేళ్లుగా ఎక్కువ భాగం ఆమె చేతి మీదుగానే వచ్చాయి. టైపు చేసిన ప్రతి ప్రశ్నా ఆమె దాచుకుంది. సబ్జెక్టుకో ఫోల్డరు, పాఠానికో ఫోల్డరు. ఏ సెంటరు వాళ్లు వచ్చి జాగ్రఫీ నుంచి యాభై, పాలిటీ నుంచి యాభై కావాలన్నా, సాయంత్రానికి పుస్తకం కూర్చి చేతిలో పెట్టేది. ఆ ఫోల్డర్లే ఆమె ఆస్తి. ఇప్పుడవి లేవు. పోవడానికి కారణం నేను.

ఆమె కంప్యూటర్లలో విండోస్ తీసి లినక్స్ వేసింది కూడా నేనే. అప్పట్లో ఆ సందులోనే ఒక సెంటర్లో కంప్యూటర్ల పని చూసేవాణ్ని. నెలకోసారి వైరస్ పట్టి ఆమె షాపు రెండు రోజులు మూతపడేది. ఒకసారి విసుగొచ్చి, "మీరేదో ఫ్రీది వాడ్తరంట గద సార్, గదే నాకు గూడ ఎయ్యుర్రి. ఇగ నాతోని అయితలేదు" అంది. వేశాను. అది మేం పదిమందిమి కలిసి నడుపుకునే డిస్ట్రో. మాకు ఆఫీసు లేదు, జీతాలు లేవు. లోకంలో ఎక్కడెక్కడో తయారయ్యే లినక్స్ ప్రోగ్రాములను తెచ్చి, పాత కంప్యూటర్ల మీద నడిచేలా, తెలుగు సరిగ్గా కనిపించేలా కూర్చి చిన్న షాపులకూ లైబ్రరీలకూ ఉచితంగా ఇస్తాం. ఒక్కో ప్రోగ్రాముకు ఒకరు బాధ్యులు. వాళ్లను మెయింటైనర్ అంటాం. తెర మీద అక్షరాలు గీసే ప్రోగ్రామూ, తెలుగు ఫాంట్లూ నా వాటా.

ఫాంట్లు నా వాటాకు రావడానికి కారణం మా ఇల్లు. గోదావరి పక్కన ఒక ఊళ్లో మాకు మూడు తరాల అచ్చాఫీసు ఉండేది. జిల్లాలో ఏ శుభలేఖ అయినా, ఏ పంచాంగమైనా మా సీసపు అక్షరాలతో పడితేనే గౌరవం. ఇప్పుడు ఆ స్థలంలో ఎవరిదో ఫంక్షన్ హాలు ఉంది. నేను దాని ముందు నుంచి వెళ్లవలసి వస్తే రోడ్డుకు రెండో వైపు నడుస్తాను.

మా అచ్చాఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి ప్రూఫు యజమానే చదవాలి. పైనుంచి కిందికి కాదు, కిందనుంచి పైకి. అర్థం వెంట కన్ను పరుగెత్తితే తప్పు దాక్కుంటుందని. చదివాక మూలన సంతకం పెట్టాలి. అది పడేదాకా మిషను తిరగదు, ఎంతటివాడు వచ్చి కూర్చున్నా సరే. సీసపు అక్షరాల కాలం అయిపోయి, మిషన్లు తూకానికి వెళ్లిపోతున్న రోజుల్లో మా నాన్నగారు ఒక్కో అక్షరాన్నీ నున్నటి కాగితం మీద అచ్చువేయించి, స్కాన్ చేయించి ఫాంటుగా మార్పించారు. ఒక్కో అక్షరం కొలతలు చెప్పే అంకెలను కంప్యూటర్లో ఎక్కించింది నేను. గుణింతాలూ ఒత్తులూ అన్నీ ఉన్న నమూనా కాగితాన్ని ఆయన మూడు రోజులు చదివి మూలన సంతకం పెట్టారు. తరవాత ఆయన సంతకం పెట్టవలసిన ప్రూఫు ఏదీ రాలేదు. ఆ కాగితం ఫ్రేములో, కొత్తపేటలో నేను అద్దెకుంటున్న పోర్షన్ గోడ మీద ఉంది.

షాపామెకు ఆ ఫాంటంటే ఇష్టం. "మీ అక్షరం నల్లగ, నిండుగ పడ్తది సార్. పిల్లలకు కండ్లు గుంజవు" అనేది. ఆమె పేపర్లన్నీ దాంట్లోనే. ఆమె అలా అన్నప్పుడల్లా నాకు వెన్ను ఇంకొంచెం నిటారయ్యేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

రెండేళ్ల కిందట గ్రూప్స్ నోటిఫికేషన్ పడింది. సందంతా ఒక్కసారి నిండిపోయింది. హాస్టళ్లలో మంచాలు లేవు, టిఫిన్ బండ్ల దగ్గర నిలబడే చోటు లేదు. ఒక పెద్ద సెంటరు తమ టెస్ట్ సిరీస్ మొత్తం ఆమెకే ఇచ్చింది. వారానికి రెండు పేపర్లు, పరీక్ష దాకా. నేను అటు వెళ్లినప్పుడు, తల ఎత్తకుండానే టైపు చేస్తూ, "సార్, ఒక్కటే అడుగుత. ఈ మూడ్నెల్లు నా సిస్టం జర ఖరాబు గాకుండ చూడుర్రి. మీ అప్‌డేట్లు గిప్‌డేట్లు వచ్చి ఏదన్న ఇర్గిందనుకో, నేను ఖతం" అంది.

"మీ అక్షరం ఒక్కటి కూడా కదలదు. నాదీ మాట" అన్నాను.

"మీరు మాటిస్తే ఇగ నాకు పరేషాన్ లేదు."

రెండు వారాలు తిరక్కుండానే ఒక సోమవారం భద్రతా హెచ్చరిక వచ్చింది. అక్షరాలు గీసే ప్రోగ్రాములో, అంటే నా వాటా దాంట్లో, ఒక రంధ్రం బయటపడింది. ఎవరైనా ఒక డాక్యుమెంటులో దొంగ ఫాంటు దాచి పంపితే, దాన్ని తెరిచిన కంప్యూటరు వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. ప్రోగ్రాము రాసినవాళ్లు అప్పటికే సరిచేసి కొత్త వెర్షను విడుదల చేశారు. మిగతా డిస్ట్రోలు ఆ రోజే, మర్నాడే పంపేశాయి.

నేను ముందు నా కంప్యూటర్లో వేసి, మా పద్ధతి ప్రకారం నమూనా కాగితం ముద్రించి కిందనుంచి పైకి చదివాను. ఒక అక్షరం మాయమైంది. జ్ఞ. ఉండవలసిన చోట ఖాళీ. ఆమె పేపరు ఒకటి తెరిచి చూస్తే "విజ్ఞాన శాస్త్రం" అన్నచోట "వి న శాస్త్రం" అని ఉంది. జనరల్ సైన్స్ పేపర్లో అది పేజీకి నాలుగుసార్లు వస్తుంది.

మా గుంపుకు "చూస్తున్నాను" అని రాశాను.

ఈ మాట సంగతి చెప్పాలి. మా దగ్గర మెయింటైనరు వారం దాకా పలక్కపోతే ఇంకెవరైనా ఆ పని చేసి పంపేయవచ్చు. కాని అతను "చూస్తున్నాను" అని రాశాడంటే ఎవరూ ముట్టుకోరు. రాసిపెట్టిన నియమం కాదు, మర్యాద. ఆ గుంపులో వయసుకు నేనే పెద్ద. నా మాటకు మర్యాద ఇంకొంచెం ఎక్కువ.

మొదటి రోజు ఆపడం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. దొంగను ఆపుతుందని చెప్పి ఆమె ప్రశ్నపత్రాల్లో చిల్లులు పెట్టే అప్‌డేట్ పంపలేను. ఇలాంటప్పుడు చేసేది ఒకటుంది. కొత్త వెర్షను మొత్తం తీసుకోకుండా, రంధ్రం పూడ్చిన ముక్కను మాత్రం తీసి పాత వెర్షనుకు అతకడం. ఆ పనే మొదలుపెట్టాను.

మూడో రోజు ఇంకొకరి దిద్దుబాటు వచ్చింది. బడంగ్‌పేట్‌లో ఉండే అమ్మాయి పంపింది. ముప్పై ఏళ్లుంటాయి, నగరం రెండో చివర ఎక్కడో ఉద్యోగం, మా డిస్ట్రోలో ప్రింటింగ్ వ్యవహారం ఆమెది. కింద ఇలా రాసింది: లోపం ప్రోగ్రాములో లేదు, ఫాంటులో ఉంది. జ్ఞ అక్షరం సమాచారం ఎంత పొడవో చెప్పే అంకెలు, అసలు పొడవు కంటే ఎక్కువగా రాసి ఉన్నాయి. పాత వెర్షను గుడ్డిగా ఆ అంకెలను నమ్మి హద్దు దాటి చదివేది. కొత్తది చదవనంటోంది, అదే సరైన పని. ఫాంటులో మూడు అంకెలు మార్చాను. ఫాంటూ అప్‌డేటూ కలిపి ఈ రోజే పంపొచ్చు.

మూడు అంకెలు. షాపామె పేపరు చెడదు, దొంగకు దారి ఉండదు. అంతకంటే ఏం కావాలి?

నేను ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "లోపం ఫాంటులో ఉంది" అన్న వాక్యం దగ్గరే ఆగిపోయాను. జవాబు రాయడానికి గంట పట్టింది. "గౌరవనీయులకు" అని మొదలుపెట్టి, ఈ ఫాంటు ఆఖరి ప్రూఫు చదివినవారు మీరూ నేనూ ఎరగనంత శ్రద్ధతో చదివారనీ, దయచేసి ఫాంటును ముట్టుకోవద్దనీ, సర్దుబాటు ప్రోగ్రాములోనే చేసి నేను స్వయంగా పంపుతాననీ రాశాను. వాక్యాలు బాగా కుదిరాయని అనిపించింది. మళ్లీ చదువుకుని పంపాను.

ఆరో రోజు పొద్దున ఆమె ఫోన్ చేసి, ఎల్బీ నగర్ మెట్రో కింద టీ తాగుదాం రమ్మంది. బడంగ్‌పేట్ నుంచి స్కూటీ మీద అక్కడిదాకా వచ్చి, రైలెక్కడం ఆమెకు రోజూ ఉన్నదే. నేను వెళ్లేసరికి రెండు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. సూర్యాపేట, నల్గొండ బస్సులు దిగినవాళ్లు సంచులతో మమ్మల్ని ఒరుసుకుంటూ వెళ్తున్నారు.

"కోపమొచ్చిందా సార్?"

"కోపమెందుకమ్మా."

"కాదు, 'గౌరవనీయులకు' అని రాసిన్రు. మా ఆఫీసుల కొలువు పీకేటప్పుడే గట్ల రాస్తరు."

నేను నవ్వలేదు. "ఆ ఫాంటులో తప్పుండదమ్మా. మా నాన్నగారు చూసి సంతకం పెట్టినది."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "సార్, పెద్దసారు చూసింది కాయితం. కాయితం మీద జ్ఞ మంచిగనే ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. తప్పు లోపల అంకెలల్ల ఉంది. అది ఆయనకు ఎట్ల కనవడ్తది?"

గౌరవంగా బయటపడే దారి ఒకటి ఆ అమ్మాయి నాకు తెరిచి చూపించింది. అప్పుడు నాకది కనిపించలేదు.

"మీ సర్దుబాటుకు ఎన్ని రోజులు పడ్తది?"

"ఎన్ని పడితే అన్ని. తొందరపడి చేసిన పని మా ఇంటి గడప దాటి వెళ్లలేదు."

"ఇది మీ ఇల్లు కాదు గద సార్" అని, వెంటనే నాలిక కరుచుకుంది. "అంటే... ఆ రంధ్రంల కెల్లి ఎట్ల దూరాల్నో ఇంటర్నెట్ల రాసి గూడ పెట్టిన్రు. అందరు తలుపులేసుకున్నరు. మనది ఇంక తెరిచే ఉన్నది."

"చూస్తున్నానని రాశాను కదమ్మా."

ఆమె నన్నోసారి చూసి బ్యాగు భుజాన వేసుకుంది. "సరే సార్. పెద్దోరు మీరు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఫాంటు ఫైలు తెరిచి ఆ మూడు అంకెలూ చూశాను. ఆమె చెప్పింది నిజం. అంతే కాదు, అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా గుర్తుపట్టాను. పక్కనున్న క్ష అక్షరం అంకెలవి. వరుసగా ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒకచోట నేను వాటినే రెండోసారి కొట్టాను. నాన్నగారి చూపుకు అందని చోట, నా వేలు చేసిన తప్పు.

తెలిసింది కదా, ఆ సాయంత్రమే ఆ అమ్మాయి దిద్దుబాటు మీద నా సంతకం వేసి పంపి ఉండవలసింది. మా పనిలో కూడా సంతకం ఉంటుంది. మెయింటైనరు తన కంప్యూటరు తాళంతో వేసే గుర్తు, అది పడితేనే అప్‌డేట్ జనానికి వెళ్తుంది. నేను వేయలేదు. ఫాంటును మార్చకుండా నెగ్గుకొచ్చే ఉపాయం వెతకసాగాను. మా ఫాంటు కనిపిస్తే మాత్రం ప్రోగ్రాము ఆ కొలత చూడకుండా వదిలేసేలా ఒక మినహాయింపు రాశాను. అంటే గుమ్మం దగ్గర కాపలా పెట్టి, మా ఇంటివాళ్లు వస్తే పక్కకు తప్పుకోమనడం. దొంగ మా ఇంటి పేరు చెప్పుకుని వస్తే? ఆ ప్రశ్న నాకే తట్టి, దానికి ఇంకో కాపలా రాశాను. అది ఇంకోచోట విరిగింది. షాపామె కోసమే ఇంత కష్టపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ నమూనా కాగితం ముద్రించి, కిందనుంచి పైకి చదివాను. ఐదు రోజులు అలా గడిచాయి.

పదకొండో రోజు పదిన్నరకు షాపామె ఫోన్ చేసింది. "సార్, జర వస్తరా? ఫోల్డర్లు తెరుస్తలేవు."

కొత్తపేట నుంచి నడిచే వెళ్లాను. ఆమె కుర్చీలో కాకుండా ఎర్ర స్టూలు మీద కూర్చుని ఉంది. తెర మీద, ఫైళ్లు కావాలంటే ఎవరినో సంప్రదించి డబ్బు కట్టమని ఇంగ్లిషులో ఒక బెదిరింపు. పాలిటీ ఫోల్డరు తెరిచాను. ఫైళ్ల పేర్లున్నాయి, లోపల అర్థం లేని గీతలు. జాగ్రఫీ, చరిత్ర, సైన్సు, అన్నీ అంతే. బ్యాకప్ డిస్కు కంప్యూటరుకు గుచ్చే ఉంది. అదీ పోయింది.

"నేనే ఏదో కొట్టిన సార్" అంది. "ఎవరో బయోడేటా ప్రింట్ దియ్యమని వాట్సాప్‌ల పంపిండు. తెరిచిన. ఒక్కపాలి తెర చీకటైంది. కరెంటు పోయి వచ్చిందనుకున్న. మీకు ఫోన్ చెయ్యకుంట నేనే బంద్ చేసి మళ్ల ఆన్ చేసిన. గదే తప్పయిందా?"

ఆ బయోడేటాను నా ల్యాప్‌టాప్‌లోకి జాగ్రత్తగా తీసుకుని విప్పి చూశాను. లోపల ఫాంటు ఉంది. పది రోజుల కిందటి హెచ్చరికలో వర్ణించినట్టే ఉంది.

"మీ తప్పేం లేదు" అన్నాను. ఇంకేమైనా అనవలసింది. "చూస్తాను" అని మాత్రం అని బయటపడ్డాను.

ఇంటికి వచ్చి ఆ అమ్మాయి దిద్దుబాటు తీసి, నా గుర్తు వేసి పంపాను. పది నిమిషాలు పట్టింది. సాయంత్రానికి మా డిస్ట్రో వాడే కంప్యూటర్లన్నిటికీ అది చేరడం మొదలైంది, జ్ఞ కూడా సరిగ్గా ఉంది. గుంపుకు జరిగింది జరిగినట్టు రాశాను. అందరూ ఓదార్పుగా ఏదో ఒకటి రాశారు. బడంగ్‌పేట్ అమ్మాయి రాయలేదు, ఫోన్ చేసింది. "మూడో రోజే నేను పంపేయాల్సింది సార్. మీరు పెద్దోరని ఊకున్న. నాది గూడ తప్పే" అంది. నా మీద కేకలేసి ఉంటే భరించగలిగేవాణ్ని. నా వయసుకిచ్చిన మర్యాదను ఆమె తన తప్పుగా లెక్కేసుకుంది.

మర్నాడు షాపుకు వెళ్లి చెప్పాను. నిలబడే చెప్పాను. రంధ్రం సంగతి, ఆపిన సంగతి, ఆ అమ్మాయి చేసిపెట్టిన సంగతి, అంకెలు నావేనని తెలిశాక కూడా పంపని సంగతి. ఆమె జిరాక్స్ మిషను మీద చెయ్యి పెట్టి వింది.

"ఆ పిల్ల చేసింది మూడోనాడే పంపి ఉంటే, నా ఫైళ్లు ఉంటుండెనా?"

"ఉండేవి."

"మరెందుకు ఆపిన్రు? నా కోసమా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. సగం నిజమే కదా. ఆ సగాన్ని అడ్డుపెట్టుకోవడం ఆ క్షణంలో నాకే అసహ్యమనిపించింది. "మొదట మీ కోసమే. తరవాత మా ఫాంటు తప్పని ఒప్పుకోలేక" అన్నాను.

ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ అడిగితే తీసిచ్చింది. అతను వెళ్లాక, "మీ ఫాంటు తప్పయితే నాకేంది సార్? నేనేమన్న మిమ్మల్ని అడిగిన్నా? నాకు నల్లగ పడితే సాలు. మూడు అంకెలు మీరు మార్చినా, ఆ పిల్ల మార్చినా నాకు ఎరుకనే కాకపోతుండె" అంది.

నిజమే. ఎవరికీ తెలిసేది కాదు. నేను అన్ని రోజులు కాపాడిన పరువును చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఆ తరవాత నాలుగో రోజు సెంటరు వాళ్లు టెస్ట్ సిరీస్ వేరే షాపుకు ఇచ్చేశారు. వాళ్లనేం అనలేం. వారానికి రెండు పేపర్లు ఆగవు. మేము పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే దారులన్నీ చూశాం, నేనూ బడంగ్‌పేట్ అమ్మాయీ. ఏదీ లేదు. మిగిలింది ముద్రించిన పేపర్లే. షాపామె, పాత విద్యార్థులను అడిగి, సెంటర్ల బీరువాలు వెతికించి పోగుచేయడం మొదలుపెట్టింది. కొన్ని మీద టీ మరకలు, కొన్నిటికి సగం పేజీలు లేవు, కొన్నిటి నిండా ఎవరో టిక్కులు పెట్టిన జవాబులు.

నేను టైపు చేస్తానన్నాను. ఒక పూట కూర్చోబెట్టి చూసింది. "మీ చేతికి ఒక్క పేపరుకు వారం పడ్తది సార్, లేవుర్రి. సదువుర్రి, నేను కొడ్త" అంది.

అప్పటినుంచి రోజూ పొద్దున పదింటికి వెళ్లి చదువుతున్నాను. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, మళ్లీ ప్రశ్న. ఆమె నా వైపు చూడదు. "మెల్లగ సార్, ఉరుకుతున్నరు", "మూడోది మళ్ల చెప్పుర్రి" అంటుంది, అంతే. ఏడాదిన్నర అయింది. పాలిటీ పూర్తయింది, చరిత్ర సగంలో ఉంది. ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది, వాటిలో కొన్ని ప్రశ్నలు ఇప్పుడెవరూ అడగరు కూడా. అయినా ఏదీ వదలనివ్వదు.

మొన్న చదువుతుండగా తెర మూలన అప్‌డేట్ వచ్చిందన్న గుర్తు వెలిగింది. పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి ఆపి, ఫోన్ తీసి బడంగ్‌పేట్ అమ్మాయికి కలిపింది.

"అమ్మా, ఏదో అప్‌డేట్ అంటుంది. కొట్టాల్నా? ... ఇప్పుడేనా? ... ఆఁ, కొట్టేస్త."

కొట్టింది. కంప్యూటరు ఆగి మళ్లీ మొదలయ్యేదాకా నేను చేతిలో కాగితాలు సర్దుకున్నాను. తెర వెలిగాక ఫైలు తెరిచి, "ఎక్కడున్నం సార్?" అంది.

"నూట పన్నెండో ప్రశ్న" అని, కాగితం వెలుగులోకి తిప్పుకుని చదవడం మొదలుపెట్టాను.